ఎలుక కాదు, చుంచు

సదయ్య కాక ఎదుట చుంచును ఎలుక అన్నవాడు ఆ పూట అన్నం వేడిగా తినలేదు.

మా మెస్సు కమాన్‌పూర్ దారిలో, ఓపెన్‌కాస్టు బొగ్గు గని మట్టిగుట్టలకు ఇవతల ఉంటుంది. డంపర్ డ్రైవర్లకూ కాంట్రాక్టు పనివాళ్లకూ రెండు పూటలా ఇక్కడే భోజనం. ముప్పయ్యేళ్లు భూగర్భ గనిలో పనిచేసి రిటైరైన కాక వంట చేస్తాడు. ఐలవ్వ గిన్నెలు తోముతుంది. నేను స్టోరు చూసుకుంటాను.

ఓ రోజు ఒక డ్రైవర్ పళ్లెం చాపుతూ, "కాకా, గా మూలకు ఎలుక ఉరికింది" అన్నాడు. కాక చేతిలో పప్పు గరిటె గాల్లోనే ఆగింది.

"ముక్కు ఎట్లున్నది?"

"ఏమో కాకా, ముందుగాల పప్పు ఎయ్యి."

"ముక్కు చూడకుండ పేరెట్ల పెట్టినవ్? మీ అయ్య నిన్ను చూడకుండనే నీకు పేరు పెట్టిండా?"

డ్రైవర్ వెనక ఇరవై పళ్లేలు ఆగిపోయాయి. కాకకు తొందరేం లేదు. పొడుగు ముక్కు, నువ్వుగింజంత కళ్లు, పొట్టి తోక, గోడను ఒరుసుకుంటూ నడక, కిచకిచమని అరుపు, పోయినచోటల్లా వాసన. "గది చుంచు. బొద్దింకలు తింటది, బియ్యం ముట్టది. దాని కాటుల ఇసమున్నదంటరు. అను."

"చుంచు."

అప్పుడు పప్పు పడింది.

మధ్యేమార్గంగా ఎవరైనా 'చుంచెలుక' అన్నా కాక ఒప్పుకోడు. "మళ్ల ఎనుకకు గా ఎలుకెందుకు తగిలించినవ్?" అంటాడు. ఇద్దరు డ్రైవర్లు తిట్టుకుంటూ ఒకడు 'చుంచు మొహమోడా' అంటే, కాక వంటింట్లోంచి గరిటెతో పరుగెత్తుకొచ్చాడు. గొడవ ఆపడానికి వచ్చాడనుకున్నాం. "గంత సక్కని ముక్కు వానికెక్కడిదిరా?" అని అడిగి వెళ్లిపోయాడు. మెస్సు వాట్సాప్ గ్రూపులో ఎవరో పంపిన వీడియోకు ఆయన జవాబుగా పెట్టిన వాయిస్ మెసేజీ పదకొండు నిమిషాలు. ఐలవ్వ దాన్ని విని, "నా పెండ్లి మంత్రాలు గూడ గింత సేపు కాలే" అంది.

ఈ పట్టింపు ఎందుకని ఒకసారి ఐలవ్వే అడిగింది.

"బొగ్గు బాయిల ఎలుకలకు మేం రొట్టె ముక్కలేసేటోళ్లం. పైకప్పు కూలేది మాకన్న ముందు వాటికే ఎరుకైతది. ఎలుకలు ఉరికినయంటే పని ఇడిసిపెట్టి మేమూ ఉరుకుడే. ఓపారి కొత్తగ డ్యూటీకొచ్చినోడు చుంచును చూసి ఎలుక ఉరికిందని ఒర్లిండు. షిఫ్టు షిఫ్టంత పైకొచ్చినం. కప్పు కూలలె, ఏం కూలలె. ఆఫీసర్ ముంగట మా ఇజ్జతే కూలింది."

ఇక అసలు సంగతి. మేనేజర్ వేణుమాధవ్ సార్ కిందటి నెలలోనే నాకు చెప్పాడు: "యమునా, స్టోర్ల ఎలుక కనవడ్డదా, తాళంచెవి ఇచ్చి ఇంటికి పో." పదో తరగతి మధ్యలో బడి ఆగిపోయిన నాకు ఆ తాళంచెవి చిన్న ఉద్యోగం కాదు.

సోమవారం తూము పక్కన కంత కనిపించింది. సార్‌కు ఫోన్ చేయాలని మూడుసార్లు నంబరు నొక్కాను. అటువైపు మోగగానే మూడుసార్లూ కట్ చేశాను, వంటింట్లోంచి కాక చూస్తుండగానే. బుధవారానికి ఒక బియ్యం బస్తాకు నిమ్మకాయంత చిల్లు పడింది. చిల్లున్న వైపును గోడకు తిప్పి పెట్టాను. వెనక్కి తిరిగేసరికి తలుపులో కాక నిలబడి ఉన్నాడు. బస్తా వైపు ఒకసారి చూసి, ఉల్లిగడ్డలు తీసుకుని వెళ్లిపోయాడు.

గురువారం పొద్దున చెప్పాపెట్టకుండా సార్ జీపు దిగాడు. నేరుగా స్టోరులోకి వచ్చాడు. ఆయన వెనక కాక, కాక వెనక ఐలవ్వ. నేను తలుపుకు అతుక్కుపోయాను.

సార్ నూనె డబ్బాలు లెక్కపెడుతుంటే, పసుపు డబ్బా పక్కనుంచి అది బయటికొచ్చింది. బెత్తెడు తోక, తమలపాకుల్లా నిలబడిన చెవులు. గదికి అడ్డంగా పరుగెత్తి కంతలో దూరింది.

"ఎలుక!" అని అరిచాడు సార్.

కాక పాఠాలు రోజూ వింటున్నదాన్ని, నాకు అనుమానమే లేదు. అది ఎలుకే. ఈ మెస్సులో మొదటిసారి ఒక మనిషి ఎలుకను ఎలుక అన్నాడు. కాక ఇప్పుడు ఆయన్ను మెచ్చుకుంటాడు, నా పని అయిపోతుంది.

కాక గొంతు సవరించుకున్నాడు. "ఎలుక కాదు సార్, చుంచు."

ఐలవ్వ కొంగుతో నోరు మూసుకుంది.

"నా కండ్లతోని చూసిన!"

"ముక్కు చూసిండ్రా సార్?"

"ముక్కేందయ్యా, తోక..."

"తోకతోని మోసపోతరు సార్. ముక్కు చూడాలె." అంటూ కాక మోకాళ్లు పట్టుకుని, "నిలవడితే నొప్పులు సార్" అని సరిగ్గా ఆ బస్తా మీదే కూర్చున్నాడు. "ఎలుకైతే బస్తాలు కొరకాలె గద? చూడుండ్రి, ఒక్కటన్న కొరికిందా?"

సార్ ఒక్కొక్క బస్తానూ తట్టి, తిప్పి చూడసాగాడు. కాక బరువుకు బస్తా వెనక నుంచి బియ్యం సన్నగా రాలి పక్కకు జారడం నాకు కనిపిస్తోంది. కాక కాలు మెల్లగా వెనక్కి జరిపి మడమతో అడ్డం పెట్టాడు. నోరు మాత్రం ఆపలేదు. ముక్కు, కళ్లు, నడక, వాసన. సార్ చివరి బస్తా దాకా వచ్చాడు.

"లే, ఇది చూడాలె."

"లేస్త సార్. దాని కాటు సంగతొక్కటి చెప్పి లేస్త."

"వద్దు! ఇగ చాలు. మరి గా కంత ఎవలు ఇడిసిపెట్టిండ్రు?"

నేను నోరు తెరిచేలోపే కాక అందుకున్నాడు.

"నేనే సార్. బొద్దింకలు పోతయని చుంచు కోసం ఉంచమన్న. ఈ పిల్ల మూస్తనన్నది, నేనే మూయనియ్యలె."

ఇంకెవరు చెప్పినా సార్ నమ్మేవాడు కాదు. కాక చెప్పాడు కాబట్టి ఒక్క ప్రశ్న కూడా వేయలేదు. "నీ చుంచు పిచ్చి నీ ఇంట్ల పెట్టుకో! పొద్దుమూకేలోపల సిమెంటు పెట్టు" అని అరిచి జీపెక్కాడు.

జీపు మలుపు తిరిగాక కాక లేచాడు. పంచె దులుపుకుని, "ఈ బస్తా వండద్దు, పక్కకు పెట్టు బిడ్డా" అన్నాడు. "ఇంకోసారి కంత కనవడితే నాకు చెప్పు. ఫోన్ల నీకు మాట రాకుంటే నేను మాట్లాడ్త."

"కాకా, అది ఎలుకనే గద?" అన్నాను.

కాక గుమ్మం దాకా వెళ్లి, పళ్లేలు పట్టుకుని వస్తున్న డ్రైవర్లను చూసి, గబగబా వెనక్కి వచ్చాడు.

"మెల్లగ అను బిడ్డా! వాళ్లకు ఎరుకైతే, రేపటిసంది పప్పేసేటప్పుడల్ల ఒక్కొక్కడు నాకు ముక్కు గురించి చెప్తడు."