కొండ మీద ఆరు స్టేజీలు

సెప్టెంబరు పదహారు, మంగళవారం. ఆ రోజు మొదటి వింత పాల బండి. వీధి మొదట్లో హారను మొదలుపెట్టి చివరి ఇంటి దాకా ఆపకుండా మోగించే పాలాయన, ఆ ఉదయం ఇంజను ఆపేసి, క్యాన్లతో సహా బండిని తోసుకుంటూ వచ్చాడు. గిన్నె పట్టుకుని గుమ్మంలో నిలబడ్డ మా అమ్మతో గొంతు తగ్గించి, "కండక్టర్ గారు పోయారంటమ్మా. తెల్లారుజామున. గుండె" అన్నాడు. అమ్మ గిన్నె నా చేతిలో పెట్టి, చెప్పులు కూడా వేసుకోకుండా ఎదురింటికి వెళ్ళింది.

ఎదురింటి కండక్టర్ గారు మాకు చుట్టం కాదు. మాటలు వచ్చినప్పటి నుంచి ఆయన నాకు బాబాయ్, ఆయన భార్య పిన్ని. నరసరావుపేటలో మా వీధి పిల్లలందరికీ అంతే. అయితే ఆయన ఆదివారాలు మాత్రం మా నలుగురివి. బొల్లాపల్లి అవతల అడవిలో ఒక కొండ ఉంది. దాన్ని పొద్దున ఎక్కి పొద్దుగూకేలోపు దిగి రావడం మా పని. రేపు ఆదివారం, ఆయన లేకుండా మొదటిసారి వెళ్తున్నాం. ఎక్కడం సంగతి అలా ఉంచండి, వచ్చినవాళ్ళందరినీ క్షేమంగా దించే బాధ్యత నా మీద పడింది. ఇంకా ఇరవై నిండని నాకు ఆ బాధ్యత ఎలా వచ్చిందో చెప్పాలంటే ఆయన గురించి చెప్పాలి.

బాబాయ్ ముప్ఫై ఏళ్ళు బస్సుల్లో టికెట్లు కొట్టారు. మిరప కోతలకు వెళ్ళే కూలీలు, కోర్టు వాయిదాలకు వచ్చేవాళ్ళు, కాలేజీ పిల్లలు, మేకపిల్లను ఒళ్ళో పెట్టుకుని దానికి టికెట్టెందుకని పోట్లాడే అవ్వలు. అందరి మధ్య నిలబడి ఆయన కిటికీలోంచి ఆ కొండను చూసేవారట. "రోజూ అదే కిటికీ, అదే కొండ. దానెనకాల ఏముందో చూడకుండానే రిటైరైపోతానేమోనని బెంగగా ఉండేది అమ్మాయ్" అన్నారొకసారి. రిటైరైన మరుసటి వారమే ఫారెస్టు వాళ్ళను అడిగి, వాళ్ళు సరేనన్న దారిలో ఎక్కడం మొదలుపెట్టారు.

పిన్నికి ఆ ఆదివారాల మీద పెద్ద ఫిర్యాదేమీ ఉండేది కాదు. "ముప్ఫై ఏళ్ళు బస్సుల్లో తిరిగాడు, ఇప్పుడు కొండల్లో తిరుగుతన్నాడు. ఈ మనిషి ఇంటిపట్టున ఉంది పెళ్ళి రోజేనే" అని నవ్వుతూ ఆయన సంచిలో ఉడకబెట్టిన వేరుశనక్కాయలు వేసేది.

నేను డిగ్రీలో చేరిన ఏడాది చలికాలం మొదట్లో, మేడ మీద కూర్చుని డైరీ రాసుకుంటున్నాను. ఎదురు మేడ మీద బట్టలు ఆరేస్తున్న బాబాయ్ కేకేశారు.

"ఏం రాస్తన్నావే?"

"ఏవో మాటలు బాబాయ్."

"మాటలు రాయడం వస్తే ఆదివారం నాతో రా. నాకు రాసే మనిషి కావాల."

స్టీలు సామాన్ల కొట్టు నడిపే మా నాన్నకు ఇదేమీ అర్థం కాలేదు. "కొండెక్కితే ఏమొస్తది తమ్ముడూ?" అని అడిగాడు. "ఆకలొస్తది అన్నా. నీ కూతురు అన్నం తినట్లేదని వీధంతా చెప్తన్నావుగా" అన్నారు బాబాయ్. అలా నాకు అనుమతి దొరికింది.

ఆ కొండ దూరానికి మెత్తగా కనబడుతుంది. దగ్గరికి వెళ్తే తెలుస్తుంది. మొదట చొక్కా పట్టుకుని లాగే ముళ్ళకంప. ఆ తర్వాత గాలాడని వెదురు పొదలు, లోపల చలికాలంలో కూడా చెమట కారిపోతుంది. పైన పలుగురాళ్ళ వాలు. ఒకచోట రెండు చేతులూ పెట్టి పాకాల్సిందే. చీమల పుట్టల కోసం ఎలుగుబంట్లు తవ్విన గుంతలు దారి పక్కనే ఉంటాయి. అందుకని బాబాయ్ ప్రతి మలుపులోనూ విజిల్ ఊది, "రైట్, రైట్" అని గట్టిగా అరిచేవారు. అది మాకు బయలుదేరమని, ఎలుగుబంటికి పక్కకు తప్పుకోమని.

మాతోపాటు వచ్చేది ఇద్దరు. ఒకరు నా క్లాసుమేటు నాగమణి. వాళ్ళ నాన్న క్వారీలో పని చేస్తాడు. రాళ్ళ మీద దాని నడక చూస్తే మిగతావాళ్ళం సిగ్గుపడాలి. రెండోవారు ఒక వకీలు గారి గుమాస్తా. డాక్టరు నడవమంటే ఇలా చిక్కుకున్నారు. రెండో గంటకల్లా ఆయన బండ మీద కూలబడి, "వాయిదా ఇప్పించండి కండక్టర్ గారూ" అనేవారు. "ఈ కోర్టులో వాయిదాల్లేవు. లేచి అందరికన్నా ముందు నడువు" అనేవారు బాబాయ్. నిదానంగా నడిచేవాళ్ళు ముందుండాలి, వాళ్ళ అడుగును బట్టి మిగతావాళ్ళు నడవాలి. అందరికన్నా వెనక ఆయన. బస్సులో వెనక తలుపు దగ్గర నిలబడే అలవాటు పోలేదు మరి.

దారిని కూడా ఆయన బస్సు రూటులాగే విడగొట్టుకున్నారు. మొత్తం ఆరు స్టేజీలు. మొదటిది పాత చెక్‌డ్యాం, రెండోది తునికి చెట్ల పక్కన పరుపు బండ, మూడోది వెదురు పొద, నాలుగోది రెండు దారులు కలిసే చోటు, ఐదోది చేతులతో పాకే రాతి మెట్టు, ఆరోది శిఖరం. ప్రతి స్టేజీలో అందర్నీ ఆపి తలలు లెక్కపెట్టేవారు. ఆ తర్వాత, "ఇప్పుడు ఎనక్కి తిరగండి" అనేవారు. ఎక్కి వచ్చిన దారిని, దిగబోయేవాళ్ళలాగా చూడాలి.

"ఎందుకు బాబాయ్, ఇప్పుడే వచ్చాంగా?" అని మొదటిరోజు అడిగాను.

"పోయే బస్సుకీ వచ్చే బస్సుకీ స్టేజీలు అవే. కిటికీలో కనపడేది మాత్రం వేరు. కొండ మీద తప్పిపోయినోళ్ళల్లో చానామంది దిగేటప్పుడే తప్పిపోతారు. ఎక్కేటప్పుడు ఎనక్కి చూడరు గదా."

నా ఉద్యోగం అదే. వంద పేజీల పుస్తకంలో ఎడమ పేజీన ఎక్కేటప్పుడు కనబడేది, కుడి పేజీన దిగేటప్పుడు కనబడేది. ఫోనులో ఫొటో తీస్తే సరిపోదా అంటే, "ఫొటోలో కొండంతా వస్తది, దారి రాదు" అన్నారు. నేను ఉత్సాహంగా రాశాను. మాటలంటే అప్పుడప్పుడే పిచ్చి పడుతున్న రోజులు. ఒక్క చెట్టుకు మూడు ఉపమానాలు దొరికితే మూడూ రాసేదాన్ని.

ఆ జనవరిలో ఒక ఆదివారం శిఖరం మీద బాబాయ్ పుస్తకం తీసి నాగమణి చేతికిచ్చారు. "ఈ రోజు ఇది చదువుకుంటా నువ్వు దించు. నేను ప్యాసింజర్ని, నోరు తెరవను" అన్నారు. ఎప్పటిలాగే సరిగ్గా రెండింటికి బయలుదేరాం. రాతి మెట్టు దిగాం. నాలుగో స్టేజీకి వచ్చాం. నాగమణి పుస్తకం తెరిచి, బడిలో పాఠం చదివినట్టు పైకి చదివింది.

"తలవంచుకుని నిలబడిన ముసలామెలాంటి చెట్టును పలకరించి, ఆమె చూస్తున్న వైపు దిగాలి." చదివి చుట్టూ చూసింది. "ఏమే, ముసలామె యాడుందే? నాకన్నీ చెట్లే కనపడతన్నయ్."

"ఎదురుగానే ఉందిగా!" అన్నాను. తీరా చూస్తే నాకూ కనబడలేదు. పొద్దున ఎండ ఒకవైపు నుంచి పడింది, ఇప్పుడు మరోవైపు నుంచి పడుతోంది. వంగిన చెట్లు నాలుగున్నాయి. గుమాస్తా గారు ఒకదాన్ని చూపించి, "ఈమేనేమో, మా అత్తగారి పోలికలున్నాయి" అన్నారు. నవ్వుకుంటూ ఆమె చూస్తున్న వైపు దిగాం.

కాసేపటికి కాళ్ళ కింద ఎండిన వాగు ఇసుక తగిలింది. రెండు పక్కలా రాతి గోడలు లేచాయి. గుమాస్తా గారు నాచు రాయి మీద కాలు జారి, చీలమండ మెలిపడి, అబ్బా అని కూర్చుండిపోయారు. నాగమణి నాలుగడుగులు ముందుకు వెళ్ళి ఆగిపోయింది. అక్కడితో నేల అయిపోయింది. వానాకాలంలో జలపాతం పడే అంచు అది, కింద రెండు తాటిచెట్ల లోతు. మూడున్నర దాటింది. సీసాల్లో నీళ్ళు అడుగుకు వచ్చాయి.

బాబాయ్ ముందుకు వచ్చి, తువ్వాలు చింపి గుమాస్తా గారి కాలికి బిగించి కట్టారు. "తప్పు నాది. ఇసక తగలంగానే ఆపాల్సింది. వీళ్ళే తెలుసుకుంటారులే అని చూస్తా కూర్చున్నా" అన్నారు. ఆ మాట నాకు అన్నిటికన్నా బరువుగా తగిలింది. గుమాస్తా గారికి ఒక చంక కింద నాగమణి, ఒక చంక కింద నేను. వాలు ఎక్కి మళ్ళీ దారి పట్టేసరికి గంట పట్టింది. రోడ్డుకు చేరేసరికి కొండ నీడ చేలన్నీ దాటి అవతలికి పోయింది. బస్సు దొరికింది.

బస్సులో ఆయన నా పక్కన కూర్చుని పుస్తకం అడిగారు. ఆ పేజీ చింపేస్తారనుకున్నాను.

"నిజంగానే ముసలామెలాగే ఉంది బాబాయ్" అన్నాను, ఏడుపు ఆపుకుంటూ.

"ఉంది. పొద్దున నువ్వు చెప్పినాక నాకూ కనపడింది. అదే ఇబ్బంది. నువ్వు చెప్పాల్సొచ్చింది." ఆయన పుస్తకం మూసి నా ఒళ్ళో పెట్టారు. "బాగా రాశావు. ఇంట్లో కూర్చుని చదువుకోడానికి చానా బాగుంది. కొండ మీదకి మాత్రం, నువ్వు లేనప్పుడు కూడా కనపడేది రాయి."

తర్వాతి ఆదివారం ముగ్గురం నాలుగో స్టేజీ దాకానే వెళ్ళి గంటసేపు కూర్చున్నాం. నేనొక వాక్యం చెప్పడం, నాగమణి కళ్ళు మూసుకుని విని, తెరిచి వెతకడం. దొరకకపోతే కొట్టెయ్యడం. చెట్టును రాయబోతే బాబాయ్ వద్దన్నారు. "చెట్టు కాలుద్ది, పడిపోద్ది. బండని రాయి." చివరికి ఇలా వచ్చింది: "మనిషి ఎత్తు బండ, మధ్యలో నిలువునా చీలిక. చీలికలో పిడికిలి పడుతుంది. ఆ బండను కుడి చేతికి ఉంచుకుని దిగాలి. కాళ్ళ కింద ఇసుక తగిలితే తప్పు దారి, వెంటనే వెనక్కి."

నేను రాసిన వాటిలో ఇప్పటికీ నాకు గర్వంగా అనిపించేది అదే. ఆ శీతాకాలమంతా మిగతా స్టేజీలన్నీ అలాగే తిరగరాశాను. కాలేజీలో వ్యాసం రాసేటప్పుడు కూడా, ఈ మాట పట్టుకుని ఎవరైనా దిగగలరా అని ఆలోచించడం అప్పటి నుంచే అలవాటైంది.

ఈ ఏడాది ఎండలు ముదరకముందు వెళ్ళిందే ఆయనతో ఆఖరి నడక. చెక్‌డ్యాం దగ్గర తలలు లెక్కపెట్టాక, "ఈ రోజు ఎనక నువ్వు రా" అన్నారు నాతో. కారణం చెప్పలేదు. ఆ రోజంతా ఆయన వీపునే చూశాను. అంతకు ముందెప్పుడూ చూడలేదు కదా! ఎడమ కాలు వేసేటప్పుడు భుజం కాస్త వంగుతుంది. నిలబడినప్పుడు, పడబోయే మనిషిని పట్టుకునేవాడిలా కుడి చెయ్యి కొంచెం బయటికి పెడతారు. రాతి మెట్టు దగ్గర రెండుసార్లు ఆగి ఊపిరి తీసుకున్నారు. "ఏంది చూస్తన్నావు, ముందోళ్ళని లెక్కపెట్టుకో" అన్నారు వెనక్కి తిరగకుండానే. లెక్కపెట్టాను. ముగ్గురున్నారు.

దహనం రోజున డిపో నుంచి పాత డ్రైవర్లు, కండక్టర్లు చాలామంది వచ్చారు. గుమాస్తా గారు కోర్టుకు సెలవు పెట్టి, వచ్చినవాళ్ళందరికీ మంచినీళ్ళు అందించారు.

వానలు వెనకబట్టాక నాగమణే కదిలించింది. "పుస్తకం బీరువాలో పెట్టి పూజ చేస్తన్నావా ఏంది?" అంది. దారి గడ్డితో మూసుకుపోయి ఉంటుంది, కొన్ని చెట్లు పడిపోయి ఉంటాయి. బండలు ఎక్కడికీ పోవు. ఫారెస్టు వాళ్ళ దగ్గరకు వెళ్ళి అడిగొచ్చాను. గుమాస్తా గారూ వస్తానన్నారు. భయం లేదని చెప్పను కానీ, ఆ ఆరు కుడి పేజీల మీద నాకు నమ్మకం ఉంది. వాటిని నాకన్నా నాగమణి ఎక్కువసార్లు పరీక్షించింది.

మొన్న గురువారం పిన్ని మా ఇంటికి వచ్చి, అమ్మతో కాదు, నాతో మాట్లాడాలంది. "ఆదివారం నేనూ వస్తా. అంతకాలం ఏం చూశాడో నేనూ చూడాల" అంది. పిన్ని అక్కగారు కూడా వెంట వచ్చారు. "ఈ టైములో కొండలెక్కుతావా? నలుగురూ ఏమంటారే?" అన్నారామె.

"నలుగురూ రారుగా అక్కా, మేం నలుగురమే పోతన్నాం" అంది పిన్ని.

పిన్నికి యాభై ఎనిమిదేళ్ళు, మోకాలు నొప్పి ఉంది. శిఖరం ఈసారి కుదరదని చెప్పాను. ఆమెకు కోపం వచ్చింది, ఆ తర్వాత ఒప్పుకుంది. నిన్న నాన్న ఆమెకు తెల్ల కాన్వాసు బూట్లు కొనుక్కొచ్చి ఇచ్చాడు. ఇది రాస్తుంటే ఎదురింటి మేడ మెట్ల మీద వాటి చప్పుడు వినబడుతోంది. పిన్ని చీర కుచ్చెళ్ళు ఎత్తి దోపుకుని, మెట్లెక్కి, పైన ఒక్క క్షణం నిలబడి, దిగుతోంది. ఇప్పటికి పదకొండోసారి.

రేపు ఐదుంపావు బస్సుకు వెళ్తాం. ముందు పిన్ని నడుస్తుంది. తొమ్మిదింటికల్లా పరుపు బండ చేరితే అక్కడ కూర్చుని ఇడ్లీలు తింటాం. చేరకపోతే చెక్‌డ్యాం దగ్గరే తిని, కాసేపు కొండను చూసి, నలుగురమూ దిగి వచ్చేస్తాం.