పొట్లం కట్టిన ఆ చేతులు మా మావయ్యవి

నిన్న పొద్దున్నే అత్తయ్య ఫోన్.

"మీ మావయ్య ఇంక లేరే."

నమ్మబుద్ధి కాలేదు. మొన్న సాయంత్రం ఫోన్‌లో గలగలా మాట్లాడిన మనిషి, తెల్లారేసరికి నిద్రలోనే వెళ్ళిపోయారట.

మా వెంకటరత్నం మావయ్య పాలకొల్లులో కాంపౌండరు. డాక్టరు రాసిన మందును స్వయంగా నూరి, కలిపి, పొట్లాలు కట్టి ఇచ్చిన కాలం మనిషి. ఎనభై దాటినా జుట్టుకు రంగు వేయడం మానలేదు. గొప్పలు చెప్పుకోవడమూ మానలేదు.

నేను ఆర్ట్ డిపార్ట్‌మెంట్‌లో పనిచేస్తున్న టీవీ డాక్యుమెంటరీ పాతకాలం మందుల తయారీ మీద. ఇంకెవరిని అడుగుతాను? ఆయన ఇంటి అరుగు మీదే డిస్పెన్సరీ సెట్ వేశాం. పింగాణీ కల్వం, గాజు సీసాలు, వాటికి డోసు గుర్తుగా అంటించే కాగితం ముక్కలు... అన్నీ మావయ్యే దగ్గరుండి సర్దించారు, అందరి మీదా అరుస్తూ.

షూటింగ్ రోజు ఇస్త్రీ చొక్కా, ముఖానికి పౌడరు. పెళ్ళికొడుకులా తయారయ్యారు.

కెమెరా ఆన్ అవగానే చేతులు వణికాయి. పొడి ఒలికిపోయింది.

మళ్ళీ టేక్. మళ్ళీ అంతే.

డైరెక్టర్ గారు మంచి మనిషి. మెల్లగా అడిగారు. "క్లోజప్‌లో వేరేవాళ్ళ చేతులు పెట్టుకుందామాండి?"

"పొట్లం కట్టేది నేను, చేతులు ఇంకొకడివా? అయితే నన్ను కూడా మార్చేసుకోండి!"

లేచిపోబోయారు. ఆయన కళ్ళలో నీళ్ళు చూసి నా ప్రాణం ఉసూరుమంది.

సరిగ్గా అప్పుడు ఓ పెద్దావిడ వచ్చింది. చేతిలో శుభ్రంగా కడిగిన ఖాళీ సీసా. వెనకటికి మందు కావాలంటే ఎవరి సీసా వాళ్ళే తెచ్చుకునేవారు. అరుగు మీద సెట్ చూసి, ఆవిడ డిస్పెన్సరీ నిజంగానే తెరిచారనుకుంది!

"కాంపౌండరు గారూ, తిన్నది అరగట్లేదండి. ఒకటే ఉబ్బరం."

"ఇది షూటింగమ్మా. సీసా మందు ఇవ్వకూడదు. ఇక్కడున్నది ఉత్త సొంఠి, పంచదార. అది కట్టిస్తాను. తగ్గకపోతే డాక్టరు గారికి చూపించుకోవాలి మరి. సరేనా?"

మావయ్య మళ్ళీ కూర్చున్నారు. పొడిని పలక మీద పరిచి, కంటి కొలతతోనే సమానంగా పాయలు తీసి, కాగితాలు మడతపెట్టారు. రాత్రి ఏం తిన్నావు, నీళ్ళు తాగుతున్నావా అని ఆవిడను అడుగుతూనే ఉన్నారు. చెయ్యి వణకలేదు. రవ్వంత పొడి కూడా కింద పడలేదు.

మావయ్య కెమెరా సంగతి మర్చిపోయారు. కెమెరామన్ మాత్రం మర్చిపోలేదు.

మొన్న ఆ క్లిప్ పంపించాను. వెంటనే ఫోన్ చేశారు.

"ఏమే, అన్నీ చేతులే వేశారు, ముఖం ఏదీ? ఇవి నావని ఊళ్ళో ఎవరికి తెలుస్తుంది?"

నవ్వాపుకోలేకపోయాను. "కింద మీ పేరు వేయిస్తాను మావయ్యా" అన్నాను.

"పెద్ద అక్షరాలతో వేయించు!"

ఆ గొంతులో ఎంత సంతోషమో! క్లిప్ అప్పటికే వీధంతా చూపించేశారని నిన్న అత్తయ్య ఏడుస్తూనే నవ్వుతూ చెప్పింది.

పేరు వేస్తామని డైరెక్టర్ గారు మాటిచ్చారు. ఆ పేరు మావయ్య చూడలేరన్నదే నా బాధ.

అందుకే ఇక్కడ రాస్తున్నాను. ప్రోగ్రాం వచ్చినప్పుడు, నరాలు తేలిన రెండు చేతులు తీరిగ్గా పొట్లం కడుతూ కనిపిస్తాయి. అవి మా వెంకటరత్నం మావయ్యవి. పక్కనున్నవాళ్ళకి కూడా చెప్పండి.

వెళ్ళి రండి మావయ్యా. ఎక్కడున్నా మనసు నిమ్మళంగా ఉండాలి మీకు.