ఏడవకపోతే పచ్చ చుక్క

వెలిగించిన కర్పూరాన్ని అరచేత్తో ఆర్పి ప్రమాణం చేయమన్నా చేస్తాను. ఇక్కడ రాసేదాంట్లో ప్రతి మాటా నిజం. మా ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో నా కథలు వింటూ టీ చల్లార్చుకున్నవాళ్ళు ఈ వాక్యం చదివి నవ్వుతారని తెలుసు. నవ్వనీండి. డెంకణికోట దారిలో ఒక ఏనుగు నా స్కూటర్ హారన్ విని మర్యాదగా పక్కకు తప్పుకుందని చెప్పినవాణ్ణి నేనే. కానీ ఇది మా అమ్మాయి సంగతి. దీంట్లో ఆటలాడను.

అప్పుడు దానికి ఐదేళ్ళు. హోసూరు పక్కన మత్తిగిరిలో అద్దెకుండేవాళ్ళం. కిటికీ తెరిస్తే పశువుల ఫారం వైపు నుంచి పచ్చిగడ్డి వాసన వచ్చేది. నేను ఫ్యాక్టరీలో క్వాలిటీ చూసేవాణ్ణి. మా ఆవిడ అనంతపురం వైపు నుంచి ఉద్యోగానికి వచ్చి, నన్ను చేసుకుని, హోసూరులోనే ఉండిపోయింది. ఏడుంబావుకు పిల్ల స్కూలు వ్యాను, ఏడున్నరకు నా కంపెనీ బస్సు, ఎనిమిదికి ఆమె ఆఫీసు దారి. సరిగ్గా ఆ హడావిడిలోనే మా అమ్మాయికి ఏడుపు వచ్చేది. పాలలో మీగడ తేలిందని, జడ బిగుసుకుందని, నిన్నటి కల మధ్యలో ఆగిపోయిందని. వ్యాను డ్రైవరు హారన్ కొట్టడం మానేసి, దాని ఏడుపు వినిపించే దూరాన్ని బట్టి ఎంత సేపు ఆగాలో లెక్కేసుకునేవాడు.

మా ఫ్యాక్టరీలో అడుగుపెట్టగానే ఒక బోర్డు ఉండేది. నెలలో రోజుకొక గడి. ఎవరికీ దెబ్బ తగలని రోజు పచ్చ చుక్క, తగిలిన రోజు ఎర్ర చుక్క. పై నుంచి ఎవరొచ్చినా మొదట దాని ముందే నిలబడేవాళ్ళు. ఇంత పెద్ద ఫ్యాక్టరీని దారిలో పెట్టిన చుక్కలు ఐదేళ్ళ పిల్లను పెట్టవా అనిపించింది. ఒక ఆదివారం చార్ట్ పేపరు తెచ్చి, స్కేలుతో గళ్ళు గీసి, ఫ్రిజ్ పక్క గోడకు అంటించాను. మూడు వరసలు: పళ్ళు తోముకోవడం, పాలు తాగడం, ఏడవకుండా వ్యాను ఎక్కడం.

మా ఆవిడ చేతిలో గరిటెతోనే వచ్చి చూసింది.

"ఏంప్పా ఇది? ఇంట్లో కూడా ఆడిట్టా?"

"నెల తిరిగేలోపల చూడు, నువ్వే పక్కన ఇంకో చార్టు పెట్టమంటావు."

"పెడతాలే. దాంట్లో నీ పేరు రాస్తా. తడి టవలు మంచం మీద ఎయ్యకుండా ఉండే వరస."

పిల్ల మాత్రం గళ్ళను వేలితో తడుముతూ నిలబడింది. "నాయనా, అన్నీ పచ్చగా అయితే ఏమిస్తావు?"

"వరసగా ఇరవై పచ్చ చుక్కలు పడితే అత్తిముగం పోతాం. అవ్వ దగ్గర మేకపిల్లలు పుట్టినాయి."

"ఎన్ని?"

"నలభై."

"రెండే," అంది మా ఆవిడ వంటింట్లోంచి.

"ఎర్రది పడితే?"

"మళ్ళా ఒకటి నుంచి."

మొదటి వారం ఎర్ర చుక్కలు చాలకపోయాయి. రెండో వారంలో పిల్లకు విషయం పట్టుబడింది. ఏడుపు గొంతుదాకా వచ్చేది, పెదవి వణికేది, గోడ వైపు చూసేది, గుటక మింగేది. అంతే. కళ్ళు నిండినా కిందికి జారనిచ్చేది కాదు. నాకు అది గొప్ప విజయంలా కనిపించింది. క్యాంటీన్‌లో ఈ కథ మొదటిసారి చెప్పినప్పుడు మా అమ్మాయి ఒక్కతే ఏడుపు మానేసింది. మూడోసారి చెప్పేటప్పటికి ఆ వీధిలో పిల్లలందరూ మానేశారు, ఇంటి ఓనరు దూడ కూడా అరవకుండా గడ్డి తింటోంది. ముగ్గురు చార్టు జిరాక్సు అడిగి తీసుకెళ్ళారు.

శనివారం ఇరవయ్యో చుక్క పడింది. ఆదివారం పొద్దునే స్కూటర్ మీద నేను, పిల్ల అత్తిముగం వెళ్ళాం. ముందు వారమే కొన్న కొత్త బూట్లు వేసుకుంటానని పట్టుబట్టింది.

మా అమ్మకు మేకలంటే ప్రాణం. మోకాళ్ళ నొప్పులతో కూడా ఐదారు మేకలను వదలకుండా పెట్టుకుని ఉండేది. మమ్మల్ని చూసి ఒక మేకపిల్లను చంకన పెట్టుకుని ఎదురొచ్చింది. ఇంకోటి ఆమె కాళ్ళ చుట్టూ గంతులేస్తోంది.

"మిగతా ముప్పై ఎనిమిది యాడ అవ్వా?"

మా అమ్మ నా వైపు చూసింది. "ఈడు ఇంకా మారలేదు. నాకుండేది ఈ రెండేమ్మా. రా, పట్టుకుందువు."

పిల్ల పరిగెత్తలేదు. స్కూటర్‌ను పట్టుకుని అక్కడే నిలబడింది.

"ఏమ్మా, కాలు ఎత్తి ఎత్తి పెడతా ఉండావు? ఇట్లా కూర్చో."

అరుగు మీద కూర్చోబెట్టి మా అమ్మ బూటు లాగింది. సాక్సు మడమకు అంటుకుపోయి ఉంది. గోరువెచ్చని నీళ్ళు పోసి, కొంచెం కొంచెంగా తడిపి వలిచింది. బొబ్బ ఎప్పుడో పగిలిపోయి, చర్మం లేచి, లోపలంతా ఎర్రగా ఉంది. పిల్ల మూతి బిగించుకుని మేకపిల్ల వైపే చూస్తోంది.

"ఏడువమ్మా. నొస్తా ఉంటే ఏడ్చేదానికేమి?"

అది నన్నొకసారి చూసి, గొంతు తగ్గించి అడిగింది: "ఈడ కూడా చుక్కలు ఏస్తారా అవ్వా?"

మా అమ్మకు అర్థం కాలేదు. నాకు అర్థమైంది.

"ఎన్నాళ్ళ నుంచి నొస్తా ఉంది?"

"బూట్లు కొన్నప్పటి నుంచి. చెప్పులేస్తే కనపడతాదని ఇవే ఏసుకున్నా."

"నాయనకు చెప్పలేదా?"

"చెప్తే ఏడుపొస్తాది. ఏడిస్తే ఎర్ర చుక్క. మళ్ళా ఒకటి నుంచి. అంతలో మేకపిల్లలు పెద్దవైపోతాయి కదా."

మా అమ్మ నా వైపు తిరిగింది. "నువ్వు చూడలేదప్పా?"

"లేదమ్మా. తెలిస్తే ఊరికుంటానా?" నిజంగానే నాకేమీ తెలియదు. వారం రోజులు నా కళ్ళ ముందే తిరిగిన పిల్ల.

చార్టు సంగతి మొత్తం విన్నాక మా అమ్మ ఒక మాట అంది. "మేకకు రంగు పూసేది ఎందుకు? నేను ఫలానా వాళ్ళ దాన్ని, నాకు ఈడ నొస్తా ఉంది అని చెప్పుకునే నోరు దానికి లేదు కాబట్టి. నోరుండే బిడ్డకు చుక్కలేసి నోరు మూయించినావే, ఏం చదువప్పా నీది?"

తిరిగి వచ్చేటప్పుడు దారంతా ఫ్యాక్టరీ బోర్డే గుర్తొచ్చింది. దాని మీద పచ్చ చుక్క కోసం వేలు తెగినవాడు గుడ్డ పీలిక చుట్టుకుని, పైన గ్లవ్స్ తొడుక్కునేవాడు. నేనూ ఒకసారి తొడుక్కున్నాను. చుక్కలు దెబ్బల్ని ఆపవని, కనపడకుండా చేస్తాయని హోసూరులో నాకంటే బాగా తెలిసినవాడు లేడు.

ఇంటికి వస్తూనే చార్టు పీకేశాను. గోడ మీద టేపు మరకలు మిగిలాయి. పిల్ల నోరు మాత్రం తెరుచుకోలేదు. మొహం చిన్నబోయి ఉంటే "ఏమైందమ్మా?" అని అడిగేవాణ్ణి. "ఏం లేదు నాయనా." జ్వరం వచ్చినా ఏం లేదు. మోకాలు చెక్కుకుపోయినా ఏం లేదు. మా ఆవిడ రోజూ సాయంత్రం స్నానం చేయిస్తూ దాని ఒళ్ళంతా వెతికేది, ఎక్కడ దెబ్బ దాచిందో అని. ఈ పిల్ల ఇక ఎప్పటికీ మాకేదీ చెప్పదేమో అని మొదటిసారి భయం పట్టుకుంది నాకు.

నాకు తెలిసిన విద్య ఒక్కటే. దాన్నే బయటికి తీశాను. డ్యూటీ నుంచి వచ్చి దాని పక్కన కూలబడి ఏడుపు మొహం పెట్టాను.

"ఈ రోజు మెషీను నా చొక్కా గుండీ లాగేసుకునిందమ్మా. అడిగితే ఇయ్యలేదు. ఏడ్చినాను."

"పెద్దోళ్ళు ఏడుస్తారా?"

"నేను కొంచెమే. మా మేనేజరు ఏడ్చినాడు చూడు, ఫ్యాక్టరీ నిండా నీళ్ళు. బస్సు రాలేదు. తెప్ప కట్టుకుని వచ్చినాం."

"అబద్ధం!" అని నవ్వింది.

రోజుకొక కష్టం మోసుకొచ్చాను. క్యాంటీన్ ఇడ్లీ నా పన్ను విరగ్గొట్టింది. కృష్ణగిరి మామిడికాయ ఒకటి నా నెత్తిన పడి, సారీ చెప్పకుండా దొర్లుకుంటూ పోయింది. ఇట్లా రెండు వారాలు. ఒక సాయంత్రం నేనింకా మొదలుపెట్టకముందే అది నా మోచేయి లాగింది.

"నాకు నీకంటే పెద్ద కష్టమొచ్చింది నాయనా. పక్క బెంచీది నా రబ్బరు కొరికేసింది. సగం తినేసింది."

చెబుతూ చెబుతూనే మొహం ముడుచుకుపోయి, గోడ వైపు చూడకుండా, ఇల్లు అదిరేలా ఏడ్చింది. కంపెనీ బట్టలతోనే కింద కూర్చుని ఆ రబ్బరు కథ మొత్తం విన్నాను. వంటింట్లో మా ఆవిడ పొయ్యి ఆపేసి నిలబడింది.

ఇప్పుడు మా అమ్మాయి కృష్ణగిరిలో హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. ఫోన్ చేసిందంటే సాంబారు మీద పది నిమిషాలు, రూమ్మేటు అలారం మీద పావుగంట. నేను "ఊ" కొడుతుంటాను. "అంతసేపు ఏం మాట్లాడినావప్పా?" అంటుంది మా ఆవిడ. "నేనెక్కడ మాట్లాడినాను?"

ఇంతవరకూ వచ్చాక ఒకటి ఒప్పుకోవాలి. దీంట్లో ఒక చోట కల్పించాను. మా అమ్మతో కూడా ఇప్పటిదాకా అదే చెబుతూ వచ్చాను. నాకేమీ తెలియదన్నది అబద్ధం. అత్తిముగం వెళ్ళే ముందటి గురువారం పొద్దున వ్యాను దగ్గర పిల్ల కుడికాలు సరిగా మోపడం లేదని చూశాను. "నొస్తా ఉందా?" అని అడిగాను. లేదని తలూపింది. కళ్ళు నిండి ఉన్నాయి, జారలేదు. అవతల నా బస్సు వచ్చే వేళ. లోపలికి వెళ్ళి, పద్దెనిమిదో పచ్చ చుక్క అంటించి, పరిగెత్తాను.