ముందు హోటలు, తర్వాతే ఊరు

మా ఖాజావలి బాబాయ్ ఏ ఊరు వెళ్లాలన్నా అక్కడ ఎక్కడ తినాలో ముందు తేలాలి. ఎందుకు వెళ్తున్నామన్నది తర్వాతి సంగతి. చీరాలలో పరుపులు కుట్టే కొట్టు ఆయనది. దూదిని ఎంత ఓపిగ్గా ఏకుతాడో, హోటళ్ల సంగతీ అంత ఓపిగ్గా ఏకుతాడు.

గుంటూరులో కంటి ఆపరేషన్‌కి వెళ్లినప్పుడు డాక్టరుగారు, "భయంగా ఉందా? ఏమైనా అడగాలా?" అన్నారట.

"ఒక్కటేనండీ. ఈ వీధిలో పెసరట్టు ఎవరు బాగా వేస్తారు?"

జానీబీ పిన్నిని కదిలిస్తే ఇంకోటి చెబుతుంది. "పెళ్లిచూపుల్లో నా మొహం చూస్తేగా! పకోడీల పళ్లెం చూసి ఒప్పుకున్నాడు. అవి వేసింది మా వదిన. ఆ సంగతి పెళ్లయ్యాక తెలిసింది, పాపం."

మా నాన్న యలమందయ్య పర్చూరు దగ్గర మిరప రైతు. నాన్నా, బాబాయీ చిన్నప్పుడు బళ్లో ఒకే బెంచీ. కిందటేడు నాన్నకు కుడిచెయ్యి వణకడం మొదలైంది. హైదరాబాదులో పెద్ద డాక్టరుకు చూపిద్దామంటే, "ఊరుగాని ఊళ్లో రెండు రోజులా? నేను రాను పో" అని భీష్మించుకున్నాడు. మూడు నెలలు బతిమాలాను. చివరికి బాబాయ్ వచ్చి, "ఒరేయ్ యలమందా, నేనూ వస్తన్నా. తిండి సంగతి నాకొదిలెయ్" అన్నాడు. నాన్న ఆయన వంక కాసేపు చూసి, సరే అన్నాడు. తిండికి ఇంత మహత్యం ఉందా అనుకున్నాను.

ఇక వారం రోజులు ఫోన్లే ఫోన్లు.

"హలో, మీ హోటల్లో బల్ల ఎంత ఎత్తుంటదండీ? ఎందుకేంటండీ, తినడానికే!"

"సాంబారు ఇడ్లీ మీద పోస్తారా, గిన్నెలో విడిగా ఇస్తారా?"

"గ్లాసులు గాజువా, స్టీలువా? గాజువా? అయితే వద్దులెండి."

"గోడవైపు తిరిగి కూర్చునే కుర్చీ ఉందాండీ? ఏసీ కాదండీ, గోడ. గోడ!"

నాలుగు కాగితాల జాబితా తయారైంది. ఊరంతా పొగిడే బిర్యానీ హోటలు పేరు మీద ఇంతలావు గీత.

"బాబాయ్, జనం విరగబడే హోటలది. ఎందుకు కొట్టేశావు?"

"అందుకే కొట్టేశానమ్మా కోటేశ్వరీ. జనం."

"డాక్టరు దగ్గరికి ఎన్నింటికెళ్లాలో రాశావా మరి?"

"అది నీకు గుర్తుంటదిగా!"

హైదరాబాదులో మొదటి పూట ఓ సందులోని చిన్న హోటలుకు, తెరిచీ తెరవకముందే తీసుకెళ్లాడు. నాన్నను గోడకెదురుగా కూర్చోబెట్టాడు. రెండో ముద్దకే నాన్న చెయ్యి వణికి ఇడ్లీ ముక్క చట్నీతో సహా ఒళ్లో పడింది. నాన్న ముఖం చిన్నబోయింది. మరుక్షణం ఠంగుమని చప్పుడు. బాబాయ్ తెల్లచొక్కా నిండా సాంబారు!

"అబ్బబ్బ! అరవై రెండేళ్లొచ్చినా నాకు తినడం రాలా!" అని హోటలు అదిరేలా అరిచాడు. సర్వరు గుడ్డ పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. ఉన్న నలుగురూ బాబాయ్‌ని చూసి నవ్వారు. నాన్న కూడా నవ్వి, ఇంకో ఇడ్లీ చెప్పాడు.

డాక్టరు నిదానంగా చూశారు. మందులిచ్చి, వచ్చే నెల మళ్లీ రమ్మన్నారు. మధ్యాహ్నం భోజనంలో బాబాయ్ మీద మజ్జిగ పడింది. సాయంత్రం అల్లప్పచ్చడి పడింది. నాకు తలకొట్టేసినట్టయింది. చేతులు కడుక్కునే చోట దొరకబుచ్చుకుని, "కాస్త చూసుకుని తినకూడదూ బాబాయ్?" అన్నాను.

ఆయన చంటిపిల్లాడిలా తలూపి, సంచి తెరిచాడు. లోపల ఇస్త్రీ చేసిన చొక్కాలు, దొంతరగా.

"ఇన్నెందుకు తెచ్చావు?"

"పూటకొకటి."

"అంటే, పడతదని ముందే తెలుసా?"

బాబాయ్ కుళాయి కట్టేసి, గొంతు తగ్గించాడు. "మీ నాన్న పెళ్లిభోజనాలు మానేసి ఏడాదైంది, గమనించావా? ఓ పెళ్లిలో పులుసు ఒలికితే, పక్కనున్నాయన 'అయ్యో పాపం' అన్నాడంట. ఆ రోజు నుంచి బయట ముద్ద ముట్టలేదు. ఇక్కడికి రానన్నదీ అందుకే. వాడు చెంచాడు ఒలకబోస్తే జనం జాలిపడతారమ్మా. నేను గిన్నెడు ఒలకబోస్తే నవ్వుతారు. నన్ను చూసి నవ్వే పనిలో ఉంటే, వాడివైపు ఎవడు చూస్తాడు?"

సంచిలోంచి ఓ చొక్కా తీసి అందించాను.

"నాన్నకు చెప్పబాకు" అని, శుభ్రమైన చొక్కాకు బొత్తాలు పెట్టుకుంటూ వెళ్లిపోయాడు.

మర్నాడు తిరుగుబండిలో, ఓ స్టేషన్లో బాబాయ్ టీ కోసం దిగాడు. నాన్న కిటికీలోంచి ఆయన్నే చూస్తూ అడిగాడు.

"చొక్కాల సంగతి వాడు నీకేమన్నా చెప్పాడా?"

ఉలిక్కిపడ్డాను. "నీకు తెలుసా నాన్నా?"

"తెలియకేం? కుట్టిన పరుపు పక్కనే క్యారేజీ విప్పి, పులుసన్నం కలుపుకుని తింటాడు. యాభై ఏళ్లలో ఒక్క మరక పడలా. అట్టాంటోడు పూటపూటకీ సాంబారుతో స్నానం చేస్తంటే నాకు తెలవదా?"

"మరి అడగలేదేం?"

"అడిగితే మానేస్తాడే. భలే సరదాగా ఉంది." నాన్న గొంతు తగ్గించి, కొంటెగా కన్ను గీటాడు. "వచ్చే నెల మళ్లీ రావాలిగా. చేపల పులుసు హోటలుకు తీసుకెళ్లమంటా. చూద్దాం, ఏం చొక్కా వేసుకొస్తాడో!"