తాత వదలని దగ్గు

పోయిన నెల నాకు జ్వరమొచ్చి తగ్గింది గానీ, కఫమూ దగ్గూ కొత్తల్లుడు అత్తగారింట్లో తిష్ఠ వేసినట్టు కూర్చున్నాయి. "వైరస్ పోయినా దగ్గు కొన్ని వారాలుంటుంది, భయం లేదు" అంది డాక్టరమ్మ. వారాలేమిటి, మా తాత దగ్గు ఏళ్ళ తరబడి ఉండింది!

పందొమ్మిది వందల యాభైల్లో ఫ్లూ జ్వరం ఎమ్మిగనూరు నేతగాళ్ళ వీధులన్నీ తిరిగినప్పుడు తాతనూ పడేసింది. అంతకుముందు ఆయన గడప తొక్కేముందు ఒక్కసారి దగ్గేవాడు. అది మర్యాద. కోడలు, అంటే మా అమ్మ, కొంగు సర్దుకుని పక్కకు తప్పుకునేది. మామతో నేరుగా మాట్లాడటం కూడా ఆ ఇంట్లో లేదు. జ్వరం తగ్గాక ఆ ఒక్క దగ్గు వంద దగ్గులైంది. మగ్గం కింది గుంటలోకి కాళ్ళు దించి కూర్చుని నేసే సత్తువ లేక, సందు చివర అరుగు మీద కూర్చుని పొద్దంతా దగ్గి కఫం ఊసేవాడు.

మగ్గం మీద చీర సగంలో ఆగిపోయింది. నాయనకేమో ఆదోని మిల్లులో పని, ఆదివారాలే ఇంటికి రావడం. అమ్మకు నేత వచ్చు, పుట్టింట్లో నేర్చుకుంది. మా ఇంట్లో మాత్రం ఆడవాళ్ళు రాట్నం మీద నూలు కండెలు చుట్టాలి తప్ప గుంటలో దిగకూడదు. దిగిన పొద్దే పుట్టింటికి పంపిస్తానని తాత ముందే చెప్పి పెట్టాడు. అయినా అమ్మ చేతులు ఊరుకోలేదు, దిగింది. కాపలా మా అవ్వ, అంటే నాయనమ్మ. కాపలా అంటే చెవులు రిక్కించి వినడమే.

"దగ్గు ఇంగా సందు కొసకాడే ఉండాది. రోంతసేపు నెయ్యిమ్మే!" అనేది అవ్వ.

దగ్గు దగ్గరికొస్తే అమ్మ లేచిపోయి రాట్నం ముందు కూర్చునేది. పెరిగిన చీర చూసి తాత అడిగితే, "ఆదివారం నీ కొడుకే నేసినాడు" అని అవ్వ బొంకేది. ఒక్క ఆదివారంలో అంత నేసే మగాడు ఎమ్మిగనూరులోనే లేడు. తాత మాత్రం తల ఊపి ఊరుకునేవాడు.

కొన్నాళ్ళకు ఆయన దగ్గు తగ్గింది. ఆ సంగతి ఎవరూ గమనించలేదు. ఒక మధ్యాహ్నం చప్పుడు లేకుండా వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. గుంటలో అమ్మ అటు తిరిగి నేస్తోంది. అవ్వ గబుక్కున లేచింది. తాత ఆ చీర అంచును తేరిపార చూశాడు. అవ్వ వైపు ఊరుకోమన్నట్టు చెయ్యి ఊపి, వచ్చిన దారినే సందు చివరికి పోయి, అక్కణ్ణుంచి దగ్గుతూ వచ్చాడు. జబ్బులో కూడా అంత ఘనంగా దగ్గలేదట!

"ఈ పాడు దగ్గు ఇడ్సేటట్ల లేదే" అంటూ మా ఇంటి అరుగు మీద కూలబడ్డాడు.

అమ్మ నిజంగానే బెంగపడింది. శొంఠీ మిరియాలూ అడ్డసరం ఆకూ వేసి కషాయం కాచింది. తగ్గకపోయేసరికి మిరియాలు రెట్టింపు చేసింది. "మామకు ఇంగో గుక్క ఇయ్యత్తా" అని లోపల్నుంచి పురమాయించేది. ఉరుకుంద ఈరన్నకు మొక్కుకుంది కూడా. దేవుడు మాత్రం ఏం చేస్తాడు, లేని దగ్గును తగ్గించడం ఆయన వల్లనవుతుందా? సత్తువ రాలేదన్న వంకతో తాత మధ్యాహ్నాలు మగ్గం వదిలేసి పోయేవాడు. సాయంత్రం దగ్గుతూ వచ్చి, మొహం చిట్లించుకుని లోటాడు కషాయమూ తాగేవాడు. బతికినన్నాళ్ళూ ఇదే వరస.

ఆయన పోయాకే అవ్వ అసలు సంగతి బయటపెట్టింది. అమ్మ ముందు పడీపడీ నవ్వింది, తర్వాత కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

"అంత సేదు తాగించినానే! ఒక్క మాట సెప్పకూడదా మామా?" అంది.

తాతతో అమ్మ నేరుగా మాట్లాడిన మొదటి మాట అదే. అది నోటికొచ్చేసరికి వినాల్సిన మనిషి లేని కాలం వచ్చేసింది.