అక్క సముద్రం చూపించే చోటు

ఇర్వింగ్‌లో మా ఇంటికి ఎవరొచ్చినా కింది గది చూసి "గెస్ట్ రూమా?" అని అడుగుతారు. కాదండీ, అది మా అక్క గది. అక్క ఒక్క రాత్రి కూడా అందులో పడుకోలేదు, అయినా అది అక్క గదే. మెట్లు ఎక్కనక్కర్లేని గది ఒకటి కింద ఉండి తీరాలని నేను పట్టుబట్టి కూర్చుంటే, ఇళ్ళు చూసీ చూసీ మా ఆయన విసిగిపోయారు. ఇప్పటికీ వాక్యూమ్ చేసినప్పుడల్లా "మీ అక్క ప్యాలెస్ గూడ క్లీన్ చేసిన, ఖుషేనా?" అంటారు. ఆయనది ఖమ్మం, ఎటకారం ఎక్కువ.

అక్క ఉండేది వేల్స్‌లో, సముద్రం పక్కనున్న ఒక చిన్న యూనివర్సిటీ ఊళ్ళో. బావగారు సముద్రం గురించి చదవడానికి అక్కడికి వెళ్ళి, ఆ యూనివర్సిటీ ల్యాబ్‌లోనే ఉద్యోగంలో కుదురుకున్నారు. అక్క అక్కడి ఆస్పత్రిలో నర్సుగా చేసి ఈమధ్యే రిటైరైంది. అమ్మ పోయాక బందరులో నన్ను పెంచింది అక్కే. జడ వేసిందీ, సండే స్కూలు వాక్యాలు కంఠతా పట్టించిందీ, లెక్కలు రాకపోతే నెత్తిన మొట్టిందీ అక్కే. కాబట్టి నాకు అక్క కావాలి. తన మిగిలిన జీవితమంతా నా దగ్గరే ఉండాలి. ఫోన్‌లో ఆ మాట ఎత్తితే చాలు, "చూద్దాంలేవే" అనేది.

బావగారికి డయాలసిస్ జరిగినన్నాళ్ళూ తను కదల్లేకపోయింది. నేనేమో వీసా మీద ఉన్న మనిషిని. దేశం దాటితే తిరిగి రావడానికి పాస్‌పోర్టులో మళ్ళీ వీసా స్టాంపింగ్ కావాలి. అది కాస్తా ఆగిపోతే ఇల్లూ, ఉద్యోగమూ, పిల్లా ఇక్కడ, నేనెక్కడో. ఆ భయంతో, బావగారు పోయినప్పుడు కూడా సోఫాలో కూర్చుని ల్యాప్‌టాప్‌లో చర్చిలో జరిగిన అంత్యక్రియల ఆరాధన చూశాను. పెట్టెను బయటికి మోసుకెళ్ళగానే వీడియో ఆగిపోయింది. అక్క భుజం మీద చెయ్యి వెయ్యడానికి కూడా లేకపోయానే అని ఆ రోజు ఏడ్చిన ఏడుపు నాలో ఇంకా మిగిలే ఉంది.

ఆ తర్వాత మాకు దక్కినవి ఆదివారాలే. ఇక్కడ మా తెలుగు చర్చికి బయల్దేరేముందు వీడియో కాల్ చేసేదాన్ని. అక్కడ మధ్యాహ్నం దాటి ఉండేది. అక్క ఎప్పుడూ ఆరుబయటే, ఒక బెంచీ మీద. "ఇదిగో చూడు, పోటు వస్తోంది" అని ఫోన్ సముద్రం వైపు తిప్పేది. ఎక్కడో కింద నీళ్ళు, ఆ నీళ్ళలోకి పొడుగ్గా సాగిన చెక్క వంతెన, అవతల ఒక దీవి. నేను చీరకి పిన్నులు పెట్టుకుంటూ ఆ నీళ్ళకేసే చూసేదాన్ని. ఇర్వింగ్‌లో హైవేలు తప్ప ఏముంది నా మొహం! ఆ కాసేపూ బందరు గాలి తగిలినట్టుండేది.

నిరుడు గ్రీన్ కార్డ్ వచ్చింది. ముందూ వెనకా చూడకుండా టికెట్ బుక్ చేశాను. "వదినను ఎట్లైనా ఒప్పించుకోని రా. ఈసారి చూద్దాంలే అంటే ఊకోకు" అని మా ఆయన ఎయిర్‌పోర్ట్‌లో దింపారు.

ఆ ఊరు చూస్తే నవ్వొచ్చింది. ఒకటే పొడవాటి బజారు, దాని పక్కన ఎప్పటిదో పొట్టి కేథడ్రల్, కొండ మీద కోటలాంటి యూనివర్సిటీ. దీన్ని సిటీ అంటారట! జూలైలో స్వెటర్. వంతెన మీద చిప్స్ తింటుంటే ఒక సముద్రపు పక్షి నా చేతిలోంచే తన్నుకుపోయింది. అక్క కడుపు పట్టుకుని నవ్వింది. తనను అలా చూసి ఎన్నేళ్ళయిందో! బజార్లో నాలుగడుగులు వేస్తే చాలు, ఎవరో ఒకరు ఆపి పలకరించేవారు. "మా నాన్నను ఆఖరి రోజుల్లో మీ అక్కే చూసుకుంది" అంటూ ఒకాయన నా చెయ్యి వదల్లేదు. గర్వంగానే ఉంది గానీ, ఈ ఊరు వదిలి నాతో వస్తుందా అని గుబులు కూడా మొదలైంది.

వంతెన చివర నిలబడితే తెలిసింది, నేను ఆదివారాలు చూసే సముద్రం ఇక్కణ్ణుంచి కాదని.

"అక్కా, నాకు సముద్రం చూపిస్తావే, ఆ బెంచీ ఎక్కడ? అక్కడికి తీసుకెళ్ళు" అన్నాను. అక్కడ కూర్చోబెట్టి అడగాలని నా ప్లాన్.

అక్క నా స్వెటర్ బొత్తాలు పెట్టింది. తర్వాత "ఆదివారం వెళ్దాంలే" అంది.

ఆదివారం చర్చి అయ్యాక కొండెక్కాం. అక్క ఒక ఇనప గేటు తీసింది. అది సమాధుల తోట. ఆ చివర బెంచీ, బెంచీ ముందు పల్లంలో నా సముద్రం, నా వంతెన, నా దీవి, అన్నీ ఫోన్‌లో చూసినట్టే ఉన్నాయి. బెంచీకి ఆనుకుని బావగారి రాయి. పై సగంలో ఆయన పేరు చెక్కి ఉంది. కింది సగం నున్నగా ఉంది.

"ఆ కిందది నాకే" అంది అక్క, ఫ్లాస్క్ మూత తిప్పుతూ.

నేను విమానంలో కూర్చుని పేర్చుకున్న మాటలన్నీ ఎటు పోయాయో తెలీదు. "ఇన్నాళ్ళూ నాకు చెప్పలేదేం?" అన్నాను.

"నువ్వక్కడ గది సర్దుకుని కూర్చున్నావు, ఎలా చెప్పనే? ఫోన్ ఈ రాయి వైపు తిప్పితే, ఆ రోజు నేను రాలేకపోయానక్కా అని మళ్ళీ మొదలుపెడతావు. అందుకే అటు తిప్పేదాన్ని."

అక్క ఒళ్ళో తల పెట్టి, ఇన్నేళ్ళుగా మిగిలిపోయిన ఏడుపంతా ఏడ్చాను. నా జుట్టు సవరిస్తూ "నీ గదిలో పడుకోడానికి వస్తానే పిచ్చిమొహమా. ఉండిపోడానికి మాత్రం నన్ను అడక్కు" అంది.

నేను అడగలేదు.

ఇప్పుడు ఆదివారం కాల్ కింది గదిలో, అక్క మంచం మీద కూర్చుని చేస్తాను. తను సముద్రం చూపించబోతే "ముందు బావగారిని చూపించు" అంటాను. ఫోన్ అటు తిప్పుతుంది. గడ్డి ఎంత పెరిగిందో, ఏ పువ్వులు పెట్టిందో చెబుతుంది. కింది సగం మాత్రం ఎప్పుడూ కనిపించదు. నేను ఫోన్ చేసే వేళకి దానికి తన హ్యాండ్‌బ్యాగ్ ఆనించి పెడుతుంది.