స్పంజికలు ఎన్ని, పొయ్యిలు ఎన్ని

సముద్రం అడుగున నాకు వచ్చిన మొదటి సందేహం ఇప్పటికీ తీరలేదు. ఒక పగడపు బండ మీద ఎర్రటి స్పంజిక, అంటే స్పాంజి జీవి, పరుచుకొని ఉంది, రొట్టె మీద పూసిన కారంలాగా. దాని నడుమ వేలెడు మేర చచ్చి తెల్లబడింది. అటు ఎరుపు, ఇటు ఎరుపు. నా పని లెక్క రాయడం. నీళ్లలో రాయడానికిచ్చిన ప్లాస్టిక్ పలక మీద పెన్సిల్ ఆనించి అలాగే వేలాడుతున్నాను. ఇది ఒకటా, రెండా? వీపు మీది సిలిండర్‌లో గాలి తరిగిపోతోంది, నాకేమో ఏమీ తోచడం లేదు. చివరికి ఒక ప్రశ్నార్థకం గీసి పైకి వచ్చేశాను.

మాది చొప్పదండి దగ్గర పల్లె. నేను ఈత నేర్చింది మా పొలం బావిలో, నడుముకు బెండు కట్టుకొని. అలాంటిదాన్ని పోయి పోయి లక్షదీవుల్లో పగడపు దిబ్బల మీద ఎన్ని రకాల స్పంజికలున్నాయో సర్వే చేసే పనిలో చేరాను. పైపులతో చేసిన చదరపు చట్రాన్ని దిబ్బ మీద పెట్టాలి. ఆ చట్రంలో కనిపించిన ప్రతి స్పంజికనూ లెక్కపెట్టాలి, ఫోటో తీయాలి, గోరంత ముక్క కోసి స్పిరిట్ సీసాలో వేయాలి. చెప్పుకుంటే ఇంతే. చేస్తే తెలుస్తుంది.

నీళ్లలో చూస్తే ఒకటి పసుపు, ఒకటి నీలం, ఇంకొకటి కుంకుమ. అబ్బ, ఎంత ముద్దొచ్చేవో! సీసాలో పడ్డాక తెల్లవారేసరికి అన్నీ ఒకటే మట్టి రంగు. పేరుచీటీ ఊడిందంటే ఇక ఏది ఏదో దేవుడికే తెలియాలి. ముక్కను బ్లీచింగ్ ద్రావణంలో కరిగిస్తే సన్నని గాజు సూదులు మిగులుతాయి. స్పంజికకు ఎముకలు అవే. మైక్రోస్కోపు కింద ఆ సూదుల ఆకారం చూసి రకం తేల్చాలి. రెండు రకాలని నేను ఒట్టేసి చెప్పినవి ఒకే రకమని తేలేవి. అచ్చం ఒకేలా ఉన్నవాటి సూదులు వేరువేరుగా ఉండేవి. కళ్లను నమ్మొద్దంటే ఇంక వేటిని నమ్మాలి?

మా పనిని చూసే మేడం ఒక నియమం చెప్పింది. పైపొర కలిసి ఉంటే ఒకటి, తెగిపోతే రెండు. సరేనన్నాను. కానీ పక్కపక్కన పెరిగిన రెండు స్పంజికలు తాకి, ఒక్కొక్కసారి కలిసిపోతాయి. ఒకటే ఉన్నది నడుమ చచ్చి రెండవుతుంది, రెండూ బతుకుతాయి. ఇవాళ రెండని రాసింది వచ్చే ఏడాదికి ఒకటైతే, నేను రాసింది తప్పా? అడిగితే మేడం నవ్వి, చూసిన రోజు ఏది కనబడిందో అది రాయమంది. నవ్వితే సరిపోయిందా! నా తల మాత్రం గిర్రున తిరుగుతూనే ఉంది.

వానలు పడి సముద్రంలోకి దిగడం ఆగిపోయాక, ఫోటోలన్నీ లాప్‌టాప్‌లో వేసుకొని ఇంటికి బయలుదేరాను. కూర్చొని లెక్క తేల్చుకుందామనుకున్నాను. పెద్దపల్లిలో రైలు దిగిన నన్ను బాపు, అంటే మా నాన్న, బండి మీద తీసుకొస్తూ దారంతా ప్రశ్నలే.

"స్పాంజి అంటే పరుపుల పెడుతరు, గదేనా?"

"గది కాదు బాపు. ఇది పానమున్నది. జంతువు."

"జంతువా? మరి నోరేది?"

"నోరు లేదు."

"కడుపు?"

"లేదు. ఒంటినిండ బొక్కలుంటయి. నీళ్లు గుంజుకొని, అండ్లున్నది తిని, నీళ్లు బయటికి ఇడుస్తది."

"నడుస్తదా మరి?"

"నడువది."

బాపు బండి నెమ్మది చేశాడు. "నోరు లేదు, కడుపు లేదు, నడువది. జంతువు ఎట్లయితది బిడ్డా? నిన్నెవరో ఆగం జేస్తున్నరు."

ఊళ్లో ఇంకో గడబిడ. ఆ రోజుల్లోనే ప్రభుత్వం ఇంటింటి సర్వే నడుస్తోంది. నేను సర్వేలో పని చేస్తున్నానని అవ్వ (మా దిక్కు అమ్మను అవ్వ అనే అంటాం) ఎక్కడో గొప్పగా చెప్పింది. ఇంకేముంది, పొద్దున్నే మా వాకిట్లో జనం. ఎదురింటి ముసలామె తన పింఛను ఎందుకు ఆగిందో జర చూడమంది.

"నాది సముద్రంల సర్వే పెద్దమ్మా," అన్నాను.

"ఓయమ్మ! సముద్రంల గూడ ఇండ్లున్నయా?"

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆ మధ్యాహ్నం చిన్నమ్మ నా గదిలోకి వచ్చి తలుపు దగ్గరికి వేసింది. చిన్నమ్మ అంటే బాపు తమ్ముడి భార్య. చిన్నబాపు దుబాయిలో ఉంటాడు. రెండేళ్లకోసారి వస్తాడు. అన్నదమ్ములిద్దరిదీ ఒకటే ఇల్లు, ఒకటే వంట.

"బిడ్డా, రేపు సర్వే సారు వస్తడు," అంది చిన్నమ్మ. "మాది వేరే ఇల్లని రాయిపియ్యవా? వేరే అని ఉంటెనే నాకు ఇల్లు మంజూరైతదట. మీ చిన్నబాపు వచ్చినప్పుడు మీ బాపు పక్కన కూసోని తింటడు. నేను లోపటి నుంచి గిన్నెలు అందిస్త. నాదంటు ఓ ఇల్లుంటే, ఆయన నా ఇంటికొచ్చినట్టుంటది గదా."

కొంగుతో కళ్లు తుడుచుకుంది.

నియమం ఏమిటో ఊళ్లో అందరికీ తెలుసు. ఒక్క పొయ్యి మీద వండుకు తినేవాళ్లంతా ఒక్క ఇల్లు. చిన్నమ్మ వెనుక గదిలో చిన్న గ్యాసు పొయ్యి పెట్టుకుంది. దాని మీద ఛాయ్ కాస్తుంది, తన బిడ్డకు ఉప్మా చేస్తుంది. అన్నం, కూర మాత్రం అవ్వ పొయ్యి మీదే. ఒకటా ఇది, రెండా? ఈ ఇంట్లో కూడా నాకు అదే దాపురించింది.

సంగతి బాపు చెవిన పడనే పడింది. లొల్లి లొల్లి చేశాడు.

"నాకు, నా తమ్మునికి పొయ్యి వేరా? ఊరోళ్లు ఏమనుకుంటరు? నేను సచ్చినంక రాయిపిచ్చుకోండ్రి!" అని నా వైపు తిరిగాడు. "నువ్వు చెప్పు. సర్వేల ఉన్నవు గదా."

"నేను లెక్కబెట్టేది స్పాంజీలను బాపు, మనుషులను కాదు!" అని అరిచాను. అరిచాక ఏడుపొచ్చింది. చిన్నప్పుడు తల్లి పోతే తమ్ముణ్ని భుజాల మీద మోసిన మనిషి బాపు. ఆయన మాటా నిజమే. చిన్నమ్మ మాటా నిజమే. అవ్వ చేటలో బియ్యం ఏరుతూ కూర్చుంది. అందరికంటే ఎక్కువ బాధ అవ్వకే అనుకున్నాను. చిన్నబాపుకు అన్నం పెట్టి పెంచింది ఆమె.

మర్నాడు ఊరి బడి సారే సర్వేకు వచ్చాడు. కుర్చీలో కూర్చొని పేర్లన్నీ రాసుకున్నాక అడిగాడు.

"ఇంట్ల పొయ్యిలెన్ని?"

"ఒక్కటే," అన్నాడు బాపు.

చిన్నమ్మ తలుపు చాటున కొంగు నోట్లో కుక్కుకొని నిలబడింది. సారు నా ముఖం చూశాడు, చదువుకున్న పిల్ల కదా అని. నీళ్ల అడుగునైతే ప్రశ్నార్థకం గీసి వచ్చేదాన్ని. ఇక్కడ గీయడానికి లేదు.

ఛాయ్ గ్లాసులు పట్టుకొని అవ్వ వచ్చింది. "రెండు రాయి సారూ," అంది.

"ఏందే?" అన్నాడు బాపు.

"రెండున్నయి. నేను చూస్తనే ఉన్న గదా."

సారు రాసుకున్నాడు. బాపు తువ్వాల భుజాన వేసుకొని, ఛాయ్ ముట్టకుండా పొలం దిక్కు వెళ్లిపోయాడు. చిన్నమ్మ లోపలికి పోయి బోరున ఏడ్చింది. అది సంతోషమో, భయమో, నాకైతే అర్థం కాలేదు.

సాయంత్రం అవ్వ అరుగు మీద చిక్కుడుకాయ ఈనెలు తీస్తోంది. నేను పక్కన కూర్చున్నాను.

"నీకు బాధ కాలేదా అవ్వా?"

"అయింది."

"మరి గట్లెందుకు చెప్పినవే?"

అవ్వ ఇంకో కాయ విరిచింది. "మీ బాపు సవతి తల్లి ఉన్నప్పుడు పొయ్యి ఆమె చేతులనే ఉండె. నేను గూడ వేరే పొయ్యి అడగాలనుకున్న. అడగలే."

నేను పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచి అవ్వ నోట ఈ మాట వినలేదు.

"ఎప్పుడే?"

"నువ్వు కడుపుల ఉన్నప్పుడు. సర్వపిండి తినాలనిపిచ్చింది. తినలే బిడ్డా. పొయ్యి నాది కాదాయె."